సుతారి మేస్త్రి

తాండూరులో ఇల్లు కట్టుకునేవాడికి రాయి గురించి బెంగ ఉండదు. నాపరాయి ఊరి చుట్టూ పరుచుకునే ఉంది. బెంగంతా సుతారి గురించే. పనితనం ఉన్న సుతారి దొరికేదాకా ముహూర్తాలు కూడా ఆగుతాయి.

ఇదే పని చేసే మనిషిని కృష్ణా, గోదావరి జిల్లాల్లో తాపీ మేస్త్రి అంటారు. తాపీ అంటే చేతిలో పనిముట్టు. హిందీ థాపీకి తమ్ముడు. కానీ తెలుగులో ‘తాపీగా’ అనే మాట కూడా ఉండడంవల్ల, రోజుకూలి లెక్కన డబ్బిచ్చే ఇంటాయనకు ఆ పేరు వింటేనే గుబులు పుడుతుంది. తెలంగాణ మాత్రం ఆ మనిషిని పనిముట్టుతో కాక దారంతో గుర్తుపెట్టుకుంది.

సుతారిలో ఉన్నది ఆ దారమే. మరాఠీలో సుతార్, గుజరాతీలో సుథార్, బెంగాలీలో ఛుతార్ అంటే వడ్రంగి. వీళ్ళందరికీ మూలపురుషుడు సంస్కృతంలోని సూత్రధారుడు. సూత్రం అంటే నూలుపోగు, ధారుడు అంటే పట్టుకున్నవాడు. ప్రాకృతం నోట్లో ‘త్ర’ నలిగి ‘త్త’ అయింది, ‘ధ’లో ఊపిరి మాత్రం మిగిలి ‘హ’ అయింది, చివరికి ఆ ఊపిరీ పోయింది. మనకు మాట మరాఠీ తోవనే వచ్చి ఉండాలి. 1956 దాకా మరాఠ్వాడా, కన్నడ సీమ, తెలంగాణ ఒకే హైదరాబాదు రాష్ట్రంలో ఉన్నాయి. పనివాళ్ళతో పాటు పేర్లూ ప్రయాణం చేశాయి. వస్తూ వస్తూ చెక్కను వదిలి రాయిని పట్టుకుంది మాట. వడ్రంగి గీత గీయడానికైనా, సుతారి వరస కట్టడానికైనా దారం దారమే కనుక వృత్తి మారినా పేరు చెల్లుబాటయింది.

‘సుతారంగా’ అన్న మాటకు, సుతారికి చుట్టరికం లేదనే నా అభిప్రాయం. పని జరుగుతుంటే దగ్గర కూర్చుని చూసినవాళ్ళు ఒప్పుకోకపోవచ్చు.

ఈ సూత్రధారుడిదే ఇంకో కొమ్మ రంగస్థలం ఎక్కింది. నాటకంలో నాంది తర్వాత వచ్చి, నటీనటుల్ని పరిచయం చేసి, కథను నడిపించే పెద్దమనిషి సూత్రధారి. ఆయన చేతిలో సూత్రం ఏమిటన్నది పండితుల పాత పేచీ. జర్మన్ పండితుడు రిచర్డ్ పిషెల్ 1900లో, అది బొమ్మలాటవాడి దారమేననీ, సంస్కృత నాటకానికే బొమ్మలాట పుట్టిల్లనీ వాదించాడు. వినడానికి అందంగా ఉంటుంది. నాకు మాత్రం రెండో వాదమే నమ్మదగ్గదిగా తోస్తుంది: ఆటశాల కట్టేటప్పుడు నేల కొలిచిన దారం అది. నాట్యశాస్త్రం రెండో అధ్యాయంలో ఆ దారం గురించి పెద్ద హెచ్చరికే ఉంది. పత్తిదో, నారదో, ముంజగడ్డిదో, ఏదైనా తెగనిది కావాలి. సగానికి తెగితే శాల కట్టించే స్వామికే ప్రాణగండం. నాలుగో వంతులో తెగితే గండం నాట్యాచార్యుడికి. చేయి జారినా ఏదో ఒక నష్టం తప్పదు. అంటే భరతుడి సూత్రధారి ముందు సుతారి, తర్వాతే నటుడు.

ఇప్పుడు ఈ మాటను వికారాబాదులో ఒక డాబా మీదికి తీసుకుపోవాలి.

మా మేనల్లుడు, వాడి స్నేహితులు అక్కడ కూర్చుని ఒక ఆట ఆడతారు. బల్ల మీద కాగితాలు, పెన్సిళ్ళు, ఇరవై ముఖాల పాచిక. పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా అనే ఊళ్ళో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి 1974లో తెచ్చారు. మొదటిసారి వేసింది వెయ్యి ప్రతులు. ఒక పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు. ఆడేవాళ్ళు తలా ఒక పాత్ర కడతారు. ఒకడు పాత్ర కట్టకుండా మిగతా లోకమంతా తానే అవుతాడు. కొండ, వాన, కాపలావాడు, కాపలావాడి కుక్క, అన్నీ వాడే. ఎవరు ఏం చెయ్యాలన్నా నోటితో చెప్పాలి; కుదురుతుందా లేదా అన్నది కొంత పుస్తకం, కొంత పాచిక, కొంత ఆ ఒక్కడు తేలుస్తారు.

ఆ సాయంత్రం వాళ్ళ కథ అనంతగిరి కొండల్లో, మూసీ పుట్టే చోట ఒక గుహ ముందు ఆగింది. గుహకు రాతి తలుపు. తాళం తియ్యాలి, లేదా బలంతో నెట్టాలి, లేదా మంత్రం వెయ్యాలి. పుస్తకం చదివినవాడికి తట్టే దారులివి. తాండూరు నుంచి వచ్చిన పిల్లవాడికి ఇవేవీ తట్టలేదు.

“అన్నా, తలుపు ఏం రాయి?”

మేనల్లుడు దీని గురించి ఎన్నడూ ఆలోచించినట్టు లేడు. “నాపరాయే అనుకో.”

“గట్లయితే నెట్టుడెందుకే? పొర జూసి ఉలి వెట్టి కొడితే పలక లేస్తది.”

ఆటలో మూడు వందల పేజీలు దాటిన పుస్తకం ఉంది. అందులో సుతారి పనిముట్లకు పది బంగారు నాణేలని ధర కూడా కట్టి ఉంది. నాపరాయికి పొరలుంటాయని మాత్రం లేదు. అమెరికావాళ్ళకు షాబాదు బండ సంగతి తెలియాలని కోరుకోవడం కూడా న్యాయం కాదు. మేనల్లుడు పెన్సిల్‌తో తల గోక్కుని, “సరే. పదిహేనో అంతకు మించో పడాలె. నీకు రాయి ఎరుకున్నది గనక రెండుసార్లు ఎయ్యి, పెద్దది తీస్కో” అన్నాడు. ఏడు పడింది, తర్వాత పదహారు. పలక లేచింది.

ఇందులో వాడు సొంతంగా కల్పించింది ఎంత? పదిహేను అనేది పుస్తకం మధ్యరకం కష్టానికి పెట్టిన అంకె. రెండు వేసి పెద్దది తీసుకోవడం 2014 నాటి ముద్రణలో వచ్చిన పద్ధతి. రాయి పిల్లవాడిది. రెంటినీ అతికిన మాలు ఒక్కటే వాడిది.

మాలు అన్నాను గనక సుతారి దగ్గరికి ఒకసారి వెళ్ళి రావాలి. బండలు పరిచేటప్పుడు సుతారి ఈ గోడ నుంచి ఆ గోడకు దారం బిగించి కడతాడు. మూలరాళ్ళు ముందు కూర్చుంటాయి, తర్వాత వరస. నాపరాయి పైముఖం నున్నగా ఉన్నా అడుగున మందం ఒక్కతీరుగా ఉండదు. ఒక మూల అంగుళం ఉంటే ఇంకో మూల అంగుళంన్నర. కింద మాలు ఎక్కడ ఎంత పొయ్యాలో ఏ లెక్కా చెప్పదు. చెక్కసుత్తితో తట్టి చప్పుడు వింటాడు. డొల్లగా మోగితే బండ లేపి మళ్ళీ మాలు సర్దుతాడు. ఇంత వెసులుబాటు ఉన్న పనిలో ఒక్కచోట మాత్రం మొండిపట్టు పడతాడు: రాయి దారానికి ఆనకూడదు. వెంట్రుకవాసి ఎడం ఉండాలి. ఒక్క రాయి దారాన్ని నెట్టిందంటే తర్వాతి రాళ్ళన్నీ ఆ నెట్టిన దారాన్నే నమ్మి వంకరపోతాయి. అందుకే నడుమ నడుమ వేలితో దారాన్ని మీటి చూస్తాడు.

మేనల్లుడి తీర్పులో నాకు నచ్చింది అదే. పిల్లవాడి ముచ్చట కోసం పదిహేనును పదికి దించలేదు. దారం ఉన్నచోటే ఉంది. సర్దుబాటంతా బండ కింద జరిగింది.

ఇంగ్లీషువాళ్ళ రూల్ ఇట్లాంటిది కాదు. దాని పుట్టుక లాటిన్ రెగులాలో. రెగులా అంటే తిన్నని కర్ర. మన బడుల్లోకి వచ్చేసరికి దాని మూలార్థం తనంతట తానే తిరిగొచ్చి ‘రూళ్ళకర్ర’ అయి కూర్చుంది. గీతలు గీయడానికి ఎంత వాడారో, అరచేతుల మీద అంతకన్నా ఎక్కువ వాడారు. సూత్రం కర్ర కాదు; కుట్టడం అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టిన దారం. కర్ర తనంతట తాను తిన్నగా ఉంటుంది. దారం తిన్నగా ఉండాలంటే రెండు కొసలూ ఎవరో పట్టుకోవాలి. పట్టుకున్నవాడు లేనిదే సూత్రం వట్టి నూలు ఉండ. ‘ధారి’ అనే రెండక్షరాలు సూత్రధారిలో ఊరికే లేవు.

అసలు తెలుగులో నియమానికి, కల్పనకు కూడా ఒకే ఆకు నుంచి విస్తరి కుట్టారు. ‘కట్టు’ చూడండి. ఊరి కట్టుబాటు అందులోంచే, కట్టడి అందులోంచే. కట్టుకథా అందులోంచే. ఇల్లు కట్టడం, వేషం కట్టడం, పాట కట్టడం, జట్టు కట్టడం సరే సరి. కట్టుబాటుకు కట్టుకథకు మధ్య తేడా పాటించని ధాతువు మనకుంటే, వాటి మధ్య తగవు తీర్చడానికి వేరే భాషలో పుస్తకాలు వెతుక్కుంటున్నాం.

‘ఆడు’ ఇంకా చిత్రమైనది. ఊపిరి ఆడుతుంది, గానుగ ఆడుతుంది, కదిలిన పన్ను ఆడుతుంది, కొడవలికి పిడి వదులైతే అదీ ఆడుతుంది. బతుకమ్మ ఆడతారు, బాగోతం ఆడతారు. సరిహద్దు దాటి కలబురిగి వైపు పోతే ఆ బాగోతం లాంటివాటికి ఆటలనే పేరు: దొడ్డాట, సణ్ణాట. ఇన్ని కదలికల మధ్య ఆడు అంటే పలుకు అని కూడా అర్థం. మాటాడటంలో ఉన్నది అదే. ఆడిన మాట తప్పకూడదనే మాటలోనూ అదే. డాబా మీద పిల్లలది నోటితో ఆడే ఆట కనుక రెండర్థాలూ ఒకేసారి పనిచేస్తాయి. “నేను గుహలోకి దూకుతున్న” అని ఒకడు నోరు జారాడు. వెనక్కి తీసుకుంటానంటే మిగతావాళ్ళు ఊరుకోలేదు. ఆడిన మాట!

(తమిళంలో పులి-మేక ఆటను ‘ఆడు పులి ఆట్టం’ అంటారు. అక్కడ ముందున్న ఆడు ఆట కాదు, మేక. మన యాటకు, ఏటపోతుకు తోబుట్టువు. తెలంగాణలో ఆట వేరు, యాట వేరు అని వేరే చెప్పనక్కర్లేదు. విందుకు పిలిచినప్పుడు మాత్రం స్పష్టంగా వినిపించుకోవడం మంచిది.)

మళ్ళీ దారానికి వద్దాం. సూత్రానికి శాసనమనే అర్థం స్థిరపడింది పాణిని లాంటి వాళ్ళ చేతుల్లో. ఆయన సూత్రాలు దాదాపు నాలుగు వేలు. భాషను అంత గట్టిగా కట్టినవాడు ఇంకొకడు లేడు. అంత కట్టినవాడే నడుమ నడుమ ‘వా’, ‘విభాషా’, ‘అన్యతరస్యామ్’ అని ముడి వదులు చేస్తూ పోయాడు. సంప్రదాయం ఈ మూడింటినీ ‘వికల్పం’ అనే ఒక్క గంపలో వేసింది. పాల్ కిపార్‌స్కీ అనే భాషావేత్త 1979లో, కాదు, మూడూ వేరన్నాడు: ఒకటి ‘అయితే మేలు’, ఒకటి ‘కాకపోతే మేలు’, ఒకటి ‘ఎట్లయినా సరే’. పండితుల్లో అందరూ ఒప్పుకోలేదు. నాకైతే ఈ మూడు మాటలూ డాబా మీద ప్రతి అరగంటకూ వినిపిస్తూనే ఉన్నాయి.

వీటన్నిటికన్నా పెద్ద మాట ‘బహుళం’. చిన్నయసూరి బాలవ్యాకరణంలోకి కూడా దాన్ని తెచ్చుకున్నాడు. ఆ పుస్తకం వెలువడింది 1858లో. తెలుగు బడిలో చదివినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది: ఒకచోట తప్పక జరుగుతుంది, ఒకచోట జరగదు, ఒకచోట జరిగినా జరగకపోయినా సరే, ఇంకోచోట వేరే ఏదో జరుగుతుంది. ఇన్ని జరిగాక సూత్రం దేనికని పరీక్షలో రాసినవాడికి సున్నా వచ్చి ఉంటుంది. ఆ నాలుగో గది, ‘వేరే ఏదో’ అన్నది, వ్యాకర్త చేతులెత్తేయడమని నేననుకోను. తాను చూడని ప్రయోగం రేపు వస్తుందని ఆయనకు తెలుసు, దానికోసం గుమ్మం తెరిచి పెట్టాడు. భరతుడూ అంతే. తాను చెప్పనివి లోకాన్ని చూసి తెలుసుకోమన్నాడు. 1974 నాటి ఆ చిన్న పుస్తకాల్లో మూడోదాని చివర కూడా ఇదే ధోరణి కనిపిస్తుంది: ఇంతదాకా చెప్పాం, మిగిలిన ఊహ కూడా మమ్మల్నే చెయ్యమంటారేం అని.

అయితే ఈ గుమ్మం ఎంత వెడల్పుండాలన్న తగవు ఆ ఆటకన్నా చాలా పాతది. ప్రష్యా సైన్యంలో పటం పరిచి ఆడే యుద్ధపు ఆట ఒకటుండేది. రైస్‌విట్జ్ అనే యువ అధికారి 1824లో దానికి నియమాలు, పాచికలు, పట్టికలు అన్నీ కూర్చాడు. అవి పెరిగి పెరిగి ఆడేవాళ్ళకు ఊపిరాడకుండా చేశాయి. 1876లో వెర్డీ దు వెర్న్‌వా అనే సేనాని పట్టికలు పక్కన పెట్టి, అనుభవమున్న మధ్యవర్తి చెప్పిందే తీర్పు అన్నాడు. ఆట చురుకెక్కింది. మధ్యవర్తికి అనుభవం లేకపోతే ఏమవుతుందన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది.

వెర్డీ సేనానిని నేను పూర్తిగా నమ్మను. దారం కట్టకుండా కంటిచూపుతో నేల పరిచే మేస్త్రి ఉండవచ్చు. రెండో రోజుకు అతని కన్ను అలిసిపోతుంది.

ఈ కథలో నాకిష్టమైన మనిషి డేవిడ్ వెస్లీ. మినెసోటాలో 1969లో బ్రౌన్‌స్టైన్ అనే కల్పిత జర్మన్ ఊరి చుట్టూ ఒక యుద్ధపు ఆట పెట్టాడు. సేనాపతులు కాక ఊళ్ళోవాళ్ళకు కూడా పాత్రలిచ్చాడు: నగర పెద్ద, బ్యాంకు యజమాని, ఇట్లా. యుద్ధం మొదలుకాకముందే జనం పక్కగదుల్లోకి పోయి గుసగుసలాడుకోవడం మొదలుపెట్టారు. ఇద్దరు వచ్చి, మేం ద్వంద్వయుద్ధం చేసుకుంటున్నాం, ఎవరు గెలిచారో చెప్పమన్నారు. ద్వంద్వయుద్ధానికి ఆయన దగ్గర నియమమే లేదు. అప్పటికప్పుడు ఒకటి కట్టాడు. ఆట చెడిపోయిందని దిగులుపడి ఇంటికి పోయాడట. ఆడినవాళ్ళేమో మళ్ళీ ఎప్పుడని వెంటపడ్డారు. వాళ్ళలో ఒకడు ఆర్నెసన్.

అప్పటికప్పుడు కట్టడానికి మనకు ‘ఆశువు’ ఉంది. ఆశు అంటే వేగం. తెలుగువాడు ఆశువు అనగానే వేగంతో పాటు ఛందస్సునూ, నిషిద్ధాక్షరినీ తలుచుకుంటాడు. ఏ అక్షరం వాడకూడదో పృచ్ఛకుడు అడుగడుగునా చెబుతుంటే అవధాని పద్యం నడిపిస్తాడు. అప్రస్తుత ప్రసంగి పక్కనుంచి గోల చేస్తుంటాడు. ఆ ప్రసంగిని డాబా మీద ప్రతి జట్టులోనూ ఒకణ్ణి చూశాను.

ఇంతకూ ఆ లోకమంతా తానే అయినవాణ్ణి ఏమనాలి? 1974 పుస్తకాలు మధ్యవర్తి అనే అన్నాయి. తర్వాత స్థిరపడిన పేరు డంజన్ మాస్టర్. డంజన్ ఫ్రెంచి దొంజోనే. అది లాటిన్ దోమినుస్ సంతానం. దోమినుస్ అంటే దొర. దొర కోట మొదట, కోట కింది చీకటికొట్టు తర్వాత. అచ్చంగా చెప్పాలంటే గడీ. ఆ లెక్కన డంజన్ మాస్టర్ గడీ దొర అవుతాడు! తెలంగాణలో ఏ జట్టు పిల్లలూ ఆ పేరుకు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. పాచిక ఏం పడినా తాననుకున్నదే జరిపించే మేస్త్రులు లోకంలో ఉన్నారు, వాళ్ళకైతే సరిపోతుంది.

మాస్టర్ మాత్రం మనవాడే. లాటిన్ మాజిస్తేర్ ఇంగ్లీషులోకి పోయి మాస్టర్ అయింది, పోర్చుగీసులోకి పోయి మెస్త్రె అయింది. ఆ మెస్త్రె ఓడ దిగి తెలుగులో మేస్త్రి. కనుక సుతారి మేస్త్రి అన్నప్పుడు తాండూరు జనం తెలియకుండానే సంస్కృతాన్ని, పోర్చుగీసును ఒకే దారానికి గుచ్చారు: సూత్రం పట్టిన మాస్టర్. ఆ ఆటవాళ్ళు యాభై ఏళ్ళుగా వెతుకుతున్న పేరు మా ఊళ్ళో సిమెంటు మరకలతో తిరుగుతోంది. మేనల్లుడికి చెప్పాను. “మంచిగనే ఉన్నది మామా, గని రోజుకూలి ఎవరిస్తరు?” అన్నాడు.

వికారాబాదు పేరులోనూ ఇలాంటి జంటే ఉంది. ఊరికి పేరిచ్చింది ఫలక్‌నుమా కట్టించిన పాయిగా నవాబు వికారుల్ ఉమ్రా. అరబ్బీ వకార్ అంటే హుందాతనం, నిలకడ. తెలుగు చెవికి వినిపించేది సంస్కృత వికారం. మారడం, రూపు తప్పడం. కుండ మట్టి వికారం. వ్యాకరణంలో వర్ణం మారితే వికారం. కడుపులో తిప్పితే వికారం. రైలు ప్రయాణికుల హాస్యం ఎప్పుడూ మూడోదాని దగ్గరే ఆగుతుంది. నిలకడ, మార్పు రెండూ ఒకే స్టేషన్ బోర్డు మీద ఉన్నాయని ఎవరూ గమనించరు.

చీకటి పడేవేళకు డాబా మీద జగడం వచ్చింది. పాచిక బల్ల మీంచి దొర్లి మంచం కిందికి పోయింది. వేసినవాడు తల కిందికి పెట్టి “ఇరవై!” అన్నాడు. “తొండి! తొండి!” అని నాలుగు గొంతులు లేచాయి. పుస్తకం తిరగేశారు, మంచం కింద పడిన పాచిక సంగతి వాళ్ళకు అందులో దొరకలేదు, తొండికి నిర్వచనమూ దొరకలేదు. మేస్త్రి ఫోను లైటు వేసి వంగి చూశాడు. నిజంగానే ఇరవై. అయినా పాచికను చేతికిచ్చి మళ్ళీ వెయ్యమన్నాడు. ఇకముందు బల్ల దిగిన పాచిక ఎవరిదైనా చెల్లదని కాగితం మీద రాయించాడు. రెండోసారి నాలుగు పడింది. తాండూరు పిల్లవాడు మాత్రం ఆ కాగితం లాక్కుని, “మంచం కింద బండ మట్టం తప్పింది, అందుకే దొర్లింది” అని కింద ఇంకో వాక్యం చేర్చాడు.